దాత, గ్రహీత, లెక్క: కార్పొరేట్ సంస్థలు, స్థానిక ఫౌండేషన్ల భాగస్వామ్యంపై ఒక నైతిక పరిశీలన

1. ఉపోద్ఘాతం

నల్లగొండ ప్రాంతపు పల్లెల్లో తాగునీటి ప్రస్తావన లేకుండా ఒక తరం జీవితాన్ని చెప్పడం కష్టం. భూగర్భజలంలోని ఫ్లోరైడ్ ఎందరి ఎముకలను వంచిందో అక్కడ పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో మా ఊరికి ఒక నీటిశుద్ధి ప్లాంటు వచ్చింది. డబ్బు ఒక కంపెనీది, పని ఒక స్థానిక ఫౌండేషన్‌ది, గది పంచాయతీది. ప్రారంభోత్సవం నాడు గోడకు శిలాఫలకం బిగించారు. కొన్నేళ్ళపాటు ఊరంతా ఆ నీళ్ళే తాగింది. ఆ తర్వాత ఒక వేసవిలో ప్లాంటు ఆగిపోయింది. లోపలి వడపోత పొరలు మార్చాలన్నారు. మార్చవలసినవారెవరో తేలలేదు. కంపెనీతో ఒప్పందం ముగిసిందని, ఫౌండేషన్ మరో మండలానికి తరలిపోయిందని, పంచాయతీ పద్దులో ఇందుకు నిధి లేదని ఒక్కొక్కటిగా తెలిసింది. వాళ్ళను ఎవరూ అడగలేదా అని మా పెద్దమ్మను అడిగాను. "ఊకెనే ఇచ్చినదాన్ని ఏమని అడుగుతం బిడ్డా? ఇచ్చినన్నాళ్ళు ఇచ్చిండ్రు" అన్నది.

ఆ మాటలో ఫిర్యాదు లేదు, కోపం లేదు. దానం తీసుకున్నవారికి ఉండవలసిన మర్యాద ఉంది. దానంగా వచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టకూడదన్న లోకనీతి ఉంది. కాని ఆ మర్యాద వల్లనే ఊరు మళ్ళీ ఫ్లోరైడ్ నీటికి వెళ్ళింది. తీసుకున్నవారి నోటిని కట్టివేసే ఈ మర్యాద న్యాయమైనదేనా? కంపెనీలు స్థానిక ఫౌండేషన్ల ద్వారా గ్రామాల్లో చేస్తున్న అభివృద్ధి కార్యక్రమాలను మనం దానంగా భావించాలా, మరొకటిగా భావించాలా? ఈ వ్యాసం పరిశీలించేది ఈ ప్రశ్నను.

ఇటువంటి కార్యక్రమాలను గురించిన చర్చ సాధారణంగా రెండు దారుల్లో సాగుతుంది. దాత మనసు శుద్ధమైనదా, ప్రచారం కోసం చేస్తున్నాడా అనేది ఒకటి. ఎంత ఇచ్చారు, ఎందరికి అందింది అనేది రెండవది. ఈ రెండూ అవసరమైన ప్రశ్నలే. అయితే రెండింటిలోనూ కొలిచేది దాతనే, కొలబద్ద కూడా దాత చేతిలోనే ఉంటుంది. లెక్క అడిగే అధికారం ఎవరికుంది అనే మూడవ ప్రశ్నే ఈ భాగస్వామ్యాల నైతికతను నిర్ణయిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. దానిని సమర్థించడానికి తెలుగు వాఙ్మయ సంప్రదాయంలోని దానభావనను, ఆధునిక చట్టాన్ని, తెలుగునేల మీద జరిగిన కొన్ని అనుభవాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దాం.

2. మాటల్లోని చిక్కు

తెలుగు వాడుకలో 'ధర్మం' అన్న మాటకు రెండు అర్థాలు కలిసిపోయి ఉన్నాయి. అది కర్తవ్యం, అదే భిక్ష. "ధర్మం చెయ్యండి బాబూ" అని వాకిట నిలబడి అడిగేవాడు భిక్షను కోరుతున్నాడని మనం అనుకుంటాం. అక్షరార్థంలో మాత్రం అతడు "నీ కర్తవ్యాన్ని నెరవేర్చు" అని గుర్తుచేస్తున్నాడు. 'దానధర్మాలు' అన్న జంటపదంలో కర్తవ్యార్థం క్రమంగా అణగిపోయి దానార్థమే మిగిలింది. 'ఋణం' విషయం ఇందుకు భిన్నం. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అన్నప్పుడు మనిషి పుట్టుకతోనే బాకీపడి ఉన్నాడన్న భావన ఉంది. బాకీ తీర్చినవాడిని ఎవరూ దాత అనరు. అప్పు తీర్చినందుకు శిలాఫలకం వేయించుకున్నవారు లోకంలో లేరు.

దానానికీ ఋణానికీ భేదం ఇచ్చే వస్తువులో లేదు, పుచ్చుకునేవాడి స్థితిలో ఉంది. అదే ధనం దానంగా వస్తే తీసుకున్నవాడు కృతజ్ఞుడు కావాలి. బాకీగా వస్తే అతడు లెక్క చూసుకోవాలి, తక్కువైతే అడగాలి. నేడు ప్రభుత్వ, ప్రైవేటు పత్రాలన్నింటిలో స్థిరపడిన 'లబ్ధిదారు' అన్న మాట ఈ రెండింటిలో మొదటి స్థితినే సూచిస్తుంది. లబ్ధి పొందినవాడు లబ్ధిదారు, హక్కు ఉన్నవాడు హక్కుదారు. మా పెద్దమ్మ తనను తాను మొదటి పేరుతోనే గుర్తించుకుంది.

3. చట్టం ఏ వైపున ఉంది?

2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 500 కోట్ల రూపాయల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికరలాభం గాని ఉన్న కంపెనీ, గడచిన మూడేళ్ళ సగటు నికరలాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలపై ఖర్చు చేయాలన్నది దాని సారాంశం. తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని కూడా ఆ సెక్షన్ చెబుతుంది. ఖర్చుకాని సొమ్మును చట్టం నిర్దేశించిన ఖాతాకో నిధికో బదిలీ చేయాలన్న నిబంధన 2021 జనవరి నుంచి అమలవుతున్నది. ఇవ్వకుండా ఉండే స్వేచ్ఛ లేనప్పుడు అది సంప్రదాయార్థంలో దానం కాజాలదు. చట్టం కూడా దానిని దానం అనలేదు, 'బాధ్యత' అన్నది.

బాధ్యత అన్న వెంటనే ఎవరి పట్ల అన్న ప్రశ్న వస్తుంది. ఇక్కడ చట్టం మౌనం వహిస్తుంది. కంపెనీ ఈ కార్యక్రమాలను స్వయంగా గాని, రిజిస్టరైన ట్రస్టు, సొసైటీ, లాభాపేక్షలేని కంపెనీ వంటి అమలు సంస్థల ద్వారా గాని చేయవచ్చు. మనం స్థానిక ఫౌండేషన్ అంటున్నది ఈ రెండవ దారినే. ఆ సంస్థ తన ఖర్చుల లెక్కను కంపెనీకి చూపుతుంది. సొమ్ము అనుకున్న పనికే ఖర్చయిందని కంపెనీ ఆర్థికాధికారి ధ్రువీకరిస్తాడు. డైరెక్టర్ల బోర్డు సంతృప్తి చెందుతుంది. సగటున 10 కోట్లు, అంతకు మించి బాధ్యత ఉన్న కంపెనీలు కోటి రూపాయలు, ఆపై వ్యయమైన పథకాలకు స్వతంత్ర సంస్థతో ప్రభావ మదింపు చేయించాలి. ఆ నివేదిక కూడా బోర్డు ముందుకే వెళ్ళి, వార్షిక నివేదికకు అనుబంధమవుతుంది. లెక్క గ్రామం నుంచి ఫౌండేషన్‌కు, ఫౌండేషన్ నుంచి కంపెనీకి, కంపెనీ నుంచి ప్రభుత్వానికి పైపైకే పోతుంది. కిందికి దిగివచ్చి గ్రామసభలో చదివే ఏర్పాటు ఈ నిబంధనల్లో లేదు. పేరుకు బాధ్యత, నడకకు దానం అన్న ఈ ద్వంద్వస్థితే సమస్యకు మూలం.

4. సంప్రదాయంలో దాత కీర్తి, చెరువు ఆయుష్షు

తటాకం, ఆలయం, వనం, నిధి, అగ్రహారం, కృతి, పుత్రుడు అనే ఏడింటిని సప్తసంతానాలుగా మన పూర్వులు పరిగణించారు. చెరువు తవ్వించినవాడికీ, కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడికీ దక్కేది ఒకటే: దేహం పోయాక కూడా నిలిచే పేరు. కాబట్టి దాత కీర్తిని కోరుకోవడం ఈనాటి కంపెనీలతో మొదలైన దోషం కాదు. మన సంప్రదాయం దానిని దాచుకోలేదు, పైగా ధర్మకార్యానికి ఆ కాంక్షను ఇంధనంగా వాడుకుంది.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం దీనికి మంచి ఉదాహరణ. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించిన ఆ చెరువును గురించిన ఈ శాసనం 1369 నాటిది. అందులో తటాకనిర్మాణ పుణ్యంతో పాటు మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు సాధనాలు, ఉండకూడని ఆరు దోషాలు ఉన్నాయి. రెండేళ్ళపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్ళు మోయడానికి నూరు బండ్లు పనిచేసిన సంగతి కూడా ఉంది. పొగడ్తను చెక్కిన రాతి మీదనే పని ప్రమాణాన్ని కూడా చెక్కారు. కట్ట బలహీనమైతే ఏ దోషం వల్ల బలహీనమైందో ఆ రాయి చదివినవాడు చెప్పగలడు. మా ఊరి ప్లాంటు గోడమీది ఫలకంలో దాత పేరు, ముఖ్య అతిథి పేరు, తేదీ ఉన్నాయి. వడపోత పొరలను ఎన్నాళ్ళకు మార్చాలో, ఎవరు మార్చాలో లేదు.

చెరువును తవ్వించడంతో పని పూర్తికాదని కూడా మన పూర్వులకు తెలుసు. చెరువును నిర్మించి బాగుచేసేవారికి ఇచ్చిన దశబంధ మాన్యాలు రాయలసీమ శాసనాల్లో, తర్వాతి రెవెన్యూ పత్రాల్లో విరివిగా కనిపిస్తాయి. నీటిని పంచే నీరటి ఊరి వృత్తివ్యవస్థలో భాగం. నిర్వహణభారం దాత దయమీద ఆధారపడకుండా, భూమితోనూ గ్రామంలోని మనిషితోనూ ముడిపడి ఉంది. నేడు మనం 'సుస్థిరత' అంటున్నది ఆనాడు మాన్యం రూపంలో ఉంది.

అయితే ఇది స్వర్ణయుగం కాదు. శాసనం దాత వంశాన్ని కీర్తించింది, ఆ వెయ్యిమంది కూలీలను సంఖ్యగా మాత్రమే మిగిల్చింది. ఆ చెరువు నీరు ఊరిలో ఏ వాడకు ఎంత చేరిందో అడిగే అర్హత అందరికీ లేదు. అగ్రహారదానాల్లో భూమి ఎవరి చేతికి చేరిందో, దానిని దున్నినవారు ఎవరో చరిత్ర చదివినవారికి తెలుసు. అందువల్ల సంప్రదాయం నుంచి మనం తీసుకోవలసింది నిర్వహణను గ్రామంలోనే పాతుకొనేటట్లు చేయాలన్న వివేకాన్ని మాత్రమే. అక్కడి మౌనాలను కాదు.

5. నచికేతుడు, వామనుడు, పోతన

దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టకూడదంటుంది లోకనీతి. కఠోపనిషత్తు సరిగ్గా దీనికి విరుద్ధమైన దృశ్యంతో ప్రారంభమవుతుంది. యాగంలో తండ్రి దానం చేస్తున్న ఆవులు పాలివ్వడం మానిన ముసలివని నచికేతుడు గమనిస్తాడు. అటువంటి దానం దాతకు మేలు చేయదని కలవరపడి, నన్నెవరికి ఇస్తావని తండ్రిని నిలదీస్తాడు. ఆవు పళ్ళు లెక్కపెట్టిన బాలుడే ఆత్మవిద్యకు అధికారి అయినాడు. దానాన్ని పరీక్షించడం అమర్యాద కాదనడానికి ఇంతకన్నా ప్రమాణం అక్కరలేదు. కాని ఒక సంగతి గమనించాలి. ప్రశ్న అడిగినవాడు దాత ఇంటివాడే. ఆ ఆవులను తోలుకుపోయినవారు ఏమనుకున్నారో కథ చెప్పదు. నేటి కంపెనీల్లో జరిగే అంతర్గత తనిఖీలు, ప్రభావ మదింపులు అన్నీ నచికేతుని ప్రశ్నవంటివే. అవి అవసరమే, కాని దాత ఇంటిలోనే పుట్టి, దాత ఇంటిలోనే ముగుస్తాయి.

భాగవతం అష్టమస్కంధంలోని వామనచరిత్రలో ఈ సంబంధం తలకిందులవుతుంది. బలి ఇస్తానన్నది మూడడుగులు. ఆ అడుగులు ఎవరివి? పుచ్చుకునేవాడివి. దానాన్ని కొలిచిన పాదం గ్రహీతది. శుక్రుడు వారించినా బలి వెనుదీయలేదు. ఈ కథను సాధారణంగా బలి త్యాగానికి, మాట నిలకడకు ఉదాహరణగా బోధిస్తాం. దానంలో కొలబద్ద ఎవరి చేతిలో ఉండాలి అన్న దృష్టితో చదివితే, దాత తన కొలబద్దను వదులుకోవడమే ఇక్కడి అసలు త్యాగంగా కనిపిస్తుంది. ఇది కథలోని ఏకైక అర్థమని నా వాదన కాదు. వామనుడు సామాన్య గ్రహీత కాడని, ఆ కొలతలో దైవనిర్ణయం ఉందని ఎరిగే, ఈ ఒక్క కోణాన్ని మన చర్చకు గ్రహిస్తున్నాను. 2 శాతం అన్నది దాత లాభం నుంచి పుట్టిన కొలత. గ్రామం అవసరం నుంచి పుట్టిన కొలత ఎక్కడా లేదు.

పోతన తన భాగవతాన్ని రాజులకు ఇవ్వక రామునికి అంకితం చేశాడు. పుచ్చుకోవడానికి నిరాకరించడం కూడా గ్రహీత హక్కుల్లో ఒకటని ఆ కృతి సాక్ష్యమిస్తుంది. లెక్క అడిగే హక్కు, వద్దనే హక్కు ఒకే నాణేనికి రెండు ముఖాలు. వద్దనలేనివాడు లెక్కా అడగలేడు.

6. తెలుగునేల మీద నాలుగు అనుభవాలు

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు నలభై దళిత కుటుంబాలవారు తమకు ఎనభై ఎకరాల భూమి కావాలని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అలా మొదలైంది. చరిత్ర దాత పేరును గుర్తుంచుకుంది. కాని ఆ ఘట్టంలో మొదటి మాట దాతది కాదు, అడిగినవారిది. ఎంత కావాలో చెప్పినవారూ వారే. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తున్న నేలమీద ఆ అడగడానికి వెనుక బలం కూడా ఉంది. దానమంటే సమంగా పంచుకోవడమని వినోబా చెప్పిన అర్థం ఈ నేపథ్యంలోనే స్పష్టమవుతుంది. తర్వాతి కాలంలో భూదాన భూముల పంపిణీలో ఎన్నో లోపాలు బయటపడ్డాయి. అడిగినంత గట్టిగా తర్వాత లెక్క చూసే ఏర్పాటు లేకపోవడం అందుకు ఒక కారణమనుకోవచ్చు.

రెండవ అనుభవం ఈ శతాబ్దిది. సత్యం కంప్యూటర్స్ స్థాపక కుటుంబం 2001లో బైర్రాజు ఫౌండేషన్‌ను ఏర్పాటు చేసింది. కోస్తా పల్లెల్లో ఆరోగ్యం, విద్య, తాగునీటి రంగాల్లో అది పనిచేసింది. గ్రామ వికాస సమితులను ఏర్పరచి, శుద్ధిచేసిన నీటిని స్వల్ప రుసుముకు అందించింది. స్థానికుల భాగస్వామ్యాన్ని కోరిన ఇటువంటి ప్రయత్నాన్ని తక్కువ చేసి చూడలేం. 2009 జనవరి 7న కంపెనీ లెక్కల్లో ఏళ్ళ తరబడి లాభాలు, నగదు నిల్వలు పెంచి చూపామని దాని అధిపతే లేఖ ద్వారా అంగీకరించాడు. ఆ కుటుంబం ఆసరాతో నడిచిన సేవలన్నీ ఒక్కసారిగా ప్రశ్నార్థకమయ్యాయి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ మాత్రం నిలిచింది. నిర్వహణ వ్యయంలో అధికభాగం అప్పటికే ప్రభుత్వం భరిస్తుండడం, తర్వాత మరో వ్యాపార సంస్థ యాజమాన్యభారం స్వీకరించడం ఇందుకు తోడ్పడ్డాయి. 108ను జనం అప్పటికే తమ హక్కుగా భావించడం మొదలుపెట్టారన్నది నా అభిప్రాయం. హక్కుగా భావించినదాన్ని ఏ ప్రభుత్వమూ సులభంగా ఆపలేదు. దాత తన లెక్కను గ్రామానికి చూపనక్కరలేని చోట, ఆ లెక్క తప్పినప్పుడు మూల్యం చెల్లించేది మాత్రం గ్రామమే.

మూడవది అరకు. 1998లో హైదరాబాదులో ఏర్పడిన నాంది ఫౌండేషన్ పారిశ్రామికవేత్తల తోడ్పాటుతో అక్కడి ఆదివాసీ రైతుల మధ్య కాఫీ సాగును ప్రోత్సహించింది. రైతులు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఆ కాఫీ 2017లో పారిస్ నగరంలో దుకాణం దాకా వెళ్ళింది. ఈ ఏర్పాటులో అంతా సవ్యంగానే ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు. కాని సహకార సంఘంలో సభ్యుడికి చట్టరీత్యా పద్దు చూసే హక్కు, ఓటు హక్కు ఉంటాయి. లబ్ధిదారుకూ సభ్యుడికీ ఉన్న దూరం ఇదే.

నాలుగవది అనుభవం మాత్రమే కాదు, తీర్పు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజులపై 'సమత' అనే స్వచ్ఛందసంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వభూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని అందులో నిర్ణయించింది. దానితోపాటు అటువంటి ప్రాంతాల్లో నడిచే పరిశ్రమలు నికరలాభంలో కనీసం 20 శాతాన్ని నీటివనరులు, పాఠశాలలు, ఆసుపత్రులు, రహదారుల కోసం శాశ్వతనిధిగా ఉంచాలని, అడవుల పునరుద్ధరణ ఖర్చు ఇందులోకి రాదని కూడా పేర్కొంది. 2 శాతం బాధ్యత చట్టంలోకి రావడానికి 16 సంవత్సరాల ముందటి మాట ఇది. అంకెల్లోని తేడాకన్నా తర్కంలోని తేడా ముఖ్యం. అక్కడ ఆ నిధి వ్యాపారంలో భాగం, ఆ నేలనుంచి తీసినదానికి ఆ నేలకు చెల్లవలసిన వాటా. దానిని స్వీకరించే ఆదివాసీ ఎవరికీ కృతజ్ఞత చెప్పనక్కరలేదు.

7. ధర్మకర్త ఎవరికి జవాబుదారీ?

సంపన్నుడు తన అవసరానికి మించిన సంపదకు యజమాని కాడని, సమాజం తరఫున ధర్మకర్త మాత్రమేనని గాంధీ భావించాడు. ఈ సిద్ధాంతాన్ని కంపెనీల సామాజిక కార్యక్రమాలకు పునాదిగా తరచు పేర్కొంటారు. ధర్మకర్త ఎవరికీ జవాబు చెప్పనవసరం లేనప్పుడు ఇది యజమానికి తగిలించిన గౌరవనామం మాత్రమే అవుతుందని దీనిమీద విమర్శ ఉంది. ఆ విమర్శకు సమాధానం ధర్మకర్తృత్వ భావనలోనే ఉన్నదని నేననుకుంటున్నాను. 1882 నాటి భారత ట్రస్టుల చట్టం 19వ సెక్షన్ ప్రకారం ట్రస్టీ స్పష్టమైన లెక్కలు ఉంచాలి. అంతేకాదు, ఎవరి మేలు కోసం ట్రస్టు ఏర్పడిందో వారు కోరినప్పుడు పూర్తి సమాచారం ఇవ్వాలి. ఈ చట్టం వర్తించేది ప్రైవేటు ట్రస్టులకే, ప్రజాహిత ట్రస్టులకు కాదు. ఒక కుటుంబంలోని వారసుడికి ఉన్న హక్కు ఒక ఊరికి లేకపోవడానికి నైతికమైన కారణం మాత్రం కనబడదు. ధర్మకర్తృత్వాన్ని ఆదర్శంగా చెప్పేవారు దాని గౌరవాన్ని స్వీకరించి, దాని బాకీని విడిచిపెట్టడం తగదు.

ఇక్కడ స్థానిక ఫౌండేషన్ పాత్ర సున్నితమైనది. అది ఊరి భాష తెలిసినది, ఊరి మనుషులతో నడిచేది. కంపెనీ చూడలేనిది అది చూస్తుంది. అదే సమయంలో దాని జీతాలు, దాని తర్వాతి ఏడాది మనుగడ కంపెనీ సంతకం మీద ఆధారపడి ఉంటాయి. ఊరి మాటను కంపెనీకి చేరవేయవలసిన నోరు, కంపెనీ మాటను ఊరికి వినిపించే నోరుగా మారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఇది అందులో పనిచేసేవారి దోషం కాదు. వారిలో చాలామంది తక్కువ జీతాలకు ఎక్కువ దూరాలు తిరిగేవారే. లెక్క ఒకే దిక్కుకు ప్రవహించినంతకాలం మంచివారు కూడా ఆ దిక్కుకే తిరుగుతారు.

8. కొన్ని అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం: తీసుకునేవారు ఇలా లెక్కలడిగితే ఇచ్చేవారు వెనుకడుగు వేస్తారు, నష్టపోయేది పేదలే. ఇందులో ఆచరణసత్యం ఉంది. కాని చట్టం నిర్దేశించిన ఖర్చును కంపెనీ మానుకోలేదు. మానుకోగలిగింది ఫలానా ఊరిని మాత్రమే. కాబట్టి ప్రశ్నించిన ఊరు నష్టపోకుండా ఉండాలంటే ప్రశ్నించడం ఒక ఊరి ధైర్యంగా మిగలకూడదు, అన్ని ఊళ్ళకూ నియమం కావాలి.

రెండవది మరింత బలమైనది. గ్రామం ఏకముఖంగా ఉండదు. లెక్క అడిగే అధికారం గ్రామానికి ఇస్తే అది ఊరి పెత్తందారుల చేతికే చేరుతుంది. వారికన్నా బయటి ఫౌండేషన్ నయం కదా? నాలుగవ భాగంలో చూసిన చెరువు నీటి చరిత్ర ఈ భయం నిరాధారం కాదని చెబుతుంది. అందువల్లనే లెక్క రహస్యంగా ఒక కమిటీకి అందడం చాలదు, బహిరంగంగా అందరి ఎదుట చదవాలి. ఇది ఊహాలోకపు కోరిక కాదు. ఉపాధిహామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టర్ రోల్‌లోని పేర్లను, కూలి మొత్తాలను ఇంటింటికీ తిరిగి సరిచూసి, గ్రామసభలో, ఆపై మండల ప్రజావేదికలో చదివారు. కూలికి వెళ్ళిన మహిళ లేచి నిలబడి, ఆ రోజు నేను పనికే పోలేదు, నా పేరున డబ్బెట్లా రాశారని అడగగలిగే సందర్భాన్ని ఆ పద్ధతి కల్పించింది. అన్ని తప్పులూ దిద్దుకోలేదు, రాబట్టవలసిన సొమ్మంతా రాలేదు. అయినా లెక్క కిందికి దిగివస్తే ఏం జరుగుతుందో తెలుగు పల్లెలు ఒకసారి చూశాయి.

మూడవది భావసంబంధమైనది. అంతా హక్కు, లెక్క అయితే కరుణకు, కృతజ్ఞతకు చోటెక్కడ? కరుణ అనవసరమని ఈ వ్యాసం వాదించడం లేదు. బాకీ తీరిన తర్వాత ఇచ్చేదే దానం. బాకీని దానమని పిలిచినప్పుడు నిజమైన దానానికి కూడా విలువ తగ్గుతుంది. ప్రశ్నించగలిగినవాడి కృతజ్ఞతకే అర్థం ఉంది. ప్రశ్నించలేనివాడు చూపేది అణకువ.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. చట్టం బాధ్యతగా పేర్కొన్నదాన్ని మనం ఇంకా దానపు భాషలో మాట్లాడుతున్నాం. ఆ భాష గ్రహీతను మౌనంలో ఉంచుతుంది. ఆ మౌనం తొలగాలంటే లెక్క అడిగే అధికారం గ్రామానికి రావాలి, దానితోపాటు వద్దనే అధికారం కూడా రావాలి. సామాజిక బాధ్యత నిబంధనల్లోనే దీనికి ఒక చిన్న తలుపు తెరిచి ఉంది. ఈ సొమ్ముతో ఏర్పడిన స్థిరాస్తిని ట్రస్టులకో ప్రభుత్వసంస్థలకో మాత్రమే కాక, దాని ప్రయోజనం పొందేవారి స్వయంసహాయక సంఘాలకు, సమష్టి సంస్థలకు కూడా చెందించవచ్చని 2021 సవరణ చెబుతున్నది. ఆస్తి సంఘానిదైతే పద్దు సంఘానిదవుతుంది, నిర్వహణనిధిని ముందే కేటాయించమని అడిగే వీలు కలుగుతుంది. దశబంధ మాన్యం నేర్పిన వివేకానికి ఇది ఈ కాలపు రూపం కావచ్చు.

ఇందులో సాహిత్య విద్యార్థి చేయవలసిన పని ఏమిటన్న సందేహం రావచ్చు. దానం, ధర్మం, ఋణం అన్న మాటలు మన పరిశోధనాక్షేత్రానికి చెందినవి. కావ్యాల్లోనూ శాసనాల్లోనూ దాతను గురించి మనం విస్తారంగా రాశాం. గ్రహీత దృష్టితో ఆ వాఙ్మయాన్ని చదివే పని చాలావరకు మిగిలే ఉంది. ఆ చదువు తరగతిగదిలో ఆగిపోనక్కరలేదు.

మా ఊరి ప్లాంటు గది తలుపుకు ఇప్పటికీ తాళం ఉంది, గోడమీద ఫలకం ఉంది. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు మా పెద్దమ్మతో ఈ సంగతులన్నీ చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే అది మనకు రావాల్సిందేనా?" అని అడిగింది. అవునన్నాను. "మరి ఆ మాట అప్పుడు ఎవ్వరు చెప్పలేదు గదా" అన్నది.